అప్‌డేట్: అమ్మకు జామకాయ మొదలుపెట్టాం

షుగర్ ఉన్న అమ్మ పండ్లన్నీ మానేసింది, ఏవి పెట్టొచ్చు అని పోయిన నెల అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

పీచు ఉంటే షుగర్ నెమ్మదిగా పెరుగుతుందని మీరు చెప్పినట్టే, పిండిపదార్థంతో పాటు పీచు కూడా చూడటం మొదలుపెట్టాను. 100 గ్రాముల జామలో పిండిపదార్థాలు సుమారు 14 గ్రాములు, అందులో పీచే 5 గ్రాములు. అదే ద్రాక్షలో 18 ఉంటే, పీచు ఒక గ్రాము కూడా ఉండదు. అరటిపండులో 23కి రెండున్నర. ఇన్నాళ్లూ తీపిని బట్టే లెక్కేసుకున్నాం!

డాక్టర్‌గారిని అడిగితే రోజుకొక చిన్న జామకాయ, అదీ అన్నంతో కాకుండా సాయంత్రం తినమన్నారు. మొదటిరోజు అమ్మ అలవాటుగా చెంచాతో గింజలు తోడేసి, తొక్క కూడా చెక్కబోయింది. పీచు పోతుందని చెయ్యి పట్టుకుని ఆపాను. ఇప్పుడు దోరకాయ ముక్కలు కోసుకుని, మిరియాల పొడి చల్లుకుని నెమ్మదిగా నములుతోంది. జ్యూస్ మాత్రం ఇంట్లో బంద్. వడకడితే పీచంతా పిప్పిలోనే పోతుంది.

మూడు వారాలుగా మీటర్‌లో రీడింగ్ పెద్దగా పెరగలేదు, సగం టెన్షన్ తగ్గింది. పీచు కోసమే గోరుచిక్కుడు కూడా వారానికి రెండుసార్లు వండుతున్నాం. సపోటా సంగతి ఇంకా అడగాలి. అందులో పీచు బాగానే ఉన్నా పిండిపదార్థాలు 20 గ్రాములు.