అప్‌డేట్: ఆ కుక్కపిల్ల బేరం వదిలేశాను

విదేశీ బ్రీడర్ (కుక్కపిల్లల్ని పుట్టించి అమ్మే ఆయన) దగ్గర్నుంచి 8 వారాల ఫ్రెంచ్ బుల్‌డాగ్ పిల్లను తెప్పించుకోవచ్చా అని అడిగాను కదా, మానుకున్నాను. మీలో ఒకరు చెప్పిన లెక్కే కళ్ళు తెరిపించింది. రేబిస్ టీకా మామూలుగా 12 వారాలు నిండాకే వేస్తారు, ఆపైన దేశంలోకి తెచ్చే ముందు చాలా దేశాలు 21 రోజులు ఆగమంటాయి. అంటే పిల్లకు కనీసం 15 వారాలు నిండాలి. ఈ బ్రీడరేమో వచ్చే వారమే పంపిస్తానంటాడు, కాగితాలన్నీ రెడీ అట! మైక్రోచిప్ (గుర్తింపు కోసం కుక్క చర్మం కింద పెట్టే చిప్) నంబరు, తల్లిదండ్రుల హెల్త్ రిపోర్టులు అడిగితే ముద్దొచ్చే ఫొటోలు పంపాడు. వీడియో కాల్‌లో తల్లి కుక్కను చూపించమన్నాను, అంతే, మాట మార్చేసి మిగతా డబ్బు కోసం పట్టుబట్టాడు. అడ్వాన్సు పోయినట్టే. పైగా ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు విమానంలో ఊపిరాడక ప్రాణం మీదికి రావచ్చని, కొన్ని ఎయిర్‌లైన్స్ అసలు ఎక్కించుకోవని మా పశువైద్యుడు చెప్పారు. అది నాకు తట్టనే లేదు. ఇంట్లో పిల్లలు మాత్రం ఇంకా అలిగే ఉన్నారు.