"గుర్తించబడలేదు" అనాలా, "దొరకలేదు" అనాలా?

అడిగినవారు: గణాంకాలు కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం తెలుగులో నోట్సు రాస్తున్నాను. గణాంకాల లెక్కలకు వాడే ఆర్ అనే ప్రోగ్రామ్ నడపాలని విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో (కమాండ్లు టైపు చేసే కిటికీలో) ఆర్ అని కొట్టి ఎంటర్ నొక్కితే చాలామందికి మొదట ఎదురయ్యేది ఒక ఎర్రర్. దాన్ని ఇలా తెలుగు చేశాను: "'ఆర్' అంతర్గత లేదా బాహ్య ఆదేశంగా, అమలు చేయదగిన ప్రోగ్రామ్‌గా లేదా బ్యాచ్ ఫైల్‌గా గుర్తించబడలేదు." అర్థం తప్పలేదు గానీ కోర్టు నోటీసు చదువుతున్నట్టుంది. మీరైతే ఎలా రాస్తారు?

జవాబు: చిక్కంతా "గుర్తించబడలేదు"లోనే ఉందండీ. ఎవరు గుర్తించలేదో చెప్పదు. కనబడు, వినబడు మనం రోజూ అనే మాటలే. గుర్తించబడు మాత్రం అనువాదాల్లో తప్ప ఎవరి నోటా వినం. "ఆర్ అంటే ఏమిటో నాకు తెలియదు" అని కంప్యూటరే అంటున్నట్టు రాసేయండి.

మరొకరు: అలా రాస్తే తెలుగు బాగుపడుతుంది, విషయం దెబ్బతింటుంది. "తెలియదు" అనగానే చదివేవాళ్లు ఆర్ సరిగ్గా ఎక్కలేదనుకుని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. మళ్లీ అదే ఎర్రర్, పైగా టెన్షన్.

అసలు జరిగేది చూడండి. మనం కొట్టిన పేరు తన సొంత కమాండేమో అని కమాండ్ ప్రాంప్ట్ ముందు చూసుకుంటుంది. డీఐఆర్, సీడీ, కాపీ లాంటివి దాని లోపలే ఉంటాయి. "అంతర్గతం" అన్నది వాటిని. కాకపోతే ఆ పేరున్న ప్రోగ్రామ్ ఫైలు కోసం మనం ఉన్న ఫోల్డర్లో వెతుకుతుంది. అక్కడా లేకపోతే పాత్ అనే జాబితాలో రాసి ఉన్న ఫోల్డర్లను వరసగా చూస్తుంది. అంతే, డిస్క్ మొత్తం గాలించదు. ఆర్ సాధారణంగా ఉండేది ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఆర్ ఫోల్డర్లో, అందులో వెర్షన్ పేరుతో ఉన్న ఇంకో ఫోల్డర్లో, దాని లోపలి బిన్‌లో. విండోస్‌లో ఆర్ ఇన్‌స్టాలర్ ఆ బిన్‌ను తనంతట తాను పాత్‌లో చేర్చదు. అంటే ఆర్ ఉంది, వెతికిన చోట లేదు. లినక్స్‌లో ఇదే పరిస్థితికి వచ్చే "కమాండ్ నాట్ ఫౌండ్" నిజానికి దగ్గరగా ఉంది. అందుకే నా ఓటు "దొరకలేదు"కి.

అడిగినవారు: ఒప్పుకున్నాను. మరి పాత్‌ని ఏమనాలి? ప్రస్తుతానికి "దారి" అని రాశాను.

పైన రాసినవారు: దారి ఒక చోటికి తీసుకెళ్తుంది. ఇది చోట్ల జాబితా. "దారి" అంటే ఒకే ఫోల్డర్ అనుకుని, ఉన్నవన్నీ చెరిపేసి ఆర్ ఒక్కటే పెట్టేవాళ్లుంటారు, అప్పుడు మిగతా ప్రోగ్రాములు కూడా దొరకవు. పాత్ అనే ఉంచండి. సెట్టింగుల తెరమీద వాళ్లు వెతుక్కోవలసింది ఆ పేరునే. మొదటిసారి మాత్రం "వెతికే ఫోల్డర్ల జాబితా" అని విప్పి చెప్పండి.

ఇంకొకరు: పవర్‌షెల్ (విండోస్‌లోనే కమాండ్లు కొట్టే మరో కిటికీ) వాడేవాళ్లకు అసలు ఈ ఎర్రరే రాదు, అది కూడా రాయండి. అక్కడ ఆర్ అన్నది పాత కమాండును తిరిగి నడిపే కమాండుకి మారుపేరు. మీరు ఫోల్డర్లోని ఫైళ్ల పట్టిక చూసి, తర్వాత ఆర్ కొట్టారనుకోండి, అదే పట్టిక మళ్లీ వస్తుంది. మారుపేర్లను ముందు చూస్తుంది కాబట్టి పాత్ సరిగ్గా ఉన్నా ఇంతే. చివర డాట్ ఈఎక్స్ఈ చేర్చి పూర్తి పేరు కొట్టాలి. రాసిపెట్టుకున్న స్క్రిప్టు నడపడానికైతే ఆర్‌స్క్రిప్ట్ ఉండనే ఉంది, దానికి ఈ గొడవ లేదు.

లినక్స్‌లో మాత్రం పెద్దబడి (క్యాపిటల్) ఆరే కొట్టాలి. కమాండ్ ప్రాంప్ట్‌కి ఏదైనా ఒకటే.

అడిగినవారు: పెద్దబడి! మంచి మాట గుర్తుచేశారు. తెలుగు లిపిలో రాస్తే ఈ తేడా కనిపించే వీలే లేదు, కాబట్టి నోట్సులో అదే వాడతాను. మెసేజీని ఇలా మార్చాను: "'ఆర్' నా సొంత కమాండ్ కాదు, ఆ పేరుతో ప్రోగ్రామ్ గానీ బ్యాచ్ ఫైలు గానీ వెతికిన చోట్ల దొరకలేదు. ఆర్ బిన్ ఫోల్డర్ పాత్‌లో ఉందో లేదో చూడండి."

మొదట జవాబిచ్చినవారు: "తెలియదు" వదులుకుంటున్నాను, ఇదే బాగుంది. కానీ రెండో వాక్యం అసలు మెసేజీలో లేదు కదా, కొటేషన్ బయట పెట్టండి. లేకపోతే తెరమీద అది వెతుక్కుంటారు.

ఇంకొకరు: పాత్ మార్చాక ఆ కిటికీ మూసి కొత్తది తెరవాలని కూడా చేర్చండి. తెరిచి ఉన్న కిటికీ పాత జాబితానే పట్టుకుని ఉంటుంది. కొత్త కమాండ్ ప్రాంప్ట్‌లో వేర్ అని కొట్టి, ఖాళీ వదిలి, ఆర్ అని కొడితే అది ఏ ఫోల్డర్లో దొరికిందో చూపిస్తుంది. రెండు వెర్షన్లు పాత్‌లో ఉంటే రెండూ వస్తాయి, నడిచేది మొదటిది.