అప్‌డేట్: నాన్నగారి గురక, స్లీప్ స్టడీ

నాన్నగారికి గురక మధ్యలో ఊపిరి ఆగుతోంది, స్లీప్ స్టడీ చేయించాలా అని అడిగాను కదా. చేయించాం. తలకీ ఛాతీకీ ఆ వైర్లు చూసి "నిద్రెలా పడుతుందమ్మా" అన్నారు గానీ, పది నిమిషాల్లో గురక మొదలు! ఏహెచ్‌ఐ 38. అంటే గంటకి సగటున 38 సార్లు, కనీసం 10 సెకన్ల చొప్పున, ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో. 30 దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు) కిందే లెక్క.

సీప్యాప్ పెట్టారు, అంటే నిద్రలో మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే మెషిన్. మొదటి వారం మాస్కు పీకేసేవారు. సైజు మార్చాక సర్దుకున్నారు. పగటి కునుకులు పోయాయి.

గుండెకీ రక్షణేనా అంటే డాక్టర్ గారు తొందరపడి మాటివ్వలేదు. అప్పటికే గుండె, మెదడు రక్తనాళాల జబ్బులున్నవాళ్లపై సీప్యాప్‌తో చేసిన సేవ్ అనే అధ్యయనంలో (2016) గుండెపోటు, పక్షవాతం తగ్గలేదట. కాకపోతే వాళ్లు మెషిన్ వాడింది రాత్రికి సగటున 3.3 గంటలే. నాన్నగారు ఆరు దాటిస్తున్నారు. అమ్మే, ఆ నిశ్శబ్దానికి ఇంకా లేచి చూస్తోంది.