లాక్ నట్టు ఊడటం లేదు, అల్లాయ్ చక్రం చెడకుండా ఎలా తీయాలి?

నిరుడు విజయవాడలో పాత కారు కొన్నాను. ఒక్కో అల్లాయ్ చక్రానికి ఒక లాక్ నట్టు (దొంగలు విప్పకుండా, దాని సొంత తాళంచెవితోనే ఊడే నట్టు) ఉంది. మొన్న పంక్చరైతే మిగతా మూడు నట్లు తేలిగ్గా వచ్చాయి, ఇది మాత్రం కదలలేదు. షాపు అబ్బాయి గాలి గన్ను పెట్టేసరికి దాని తాళంచెవి లోపలి పళ్లు అరిగి నున్నగా అయిపోయాయి. తుప్పు వదిలే నూనె కొట్టి రాత్రంతా ఉంచాను. చక్రం నేలకు ఆనించి, పానాకు పొడవాటి పైపు తగిలించి పైకెక్కి నిలబడ్డాను కూడా. నా బరువు 82 కిలోలు, నట్టుకు లెక్కే లేదు!

కాస్త చిన్న సాకెట్‌ను నట్టు మీద సుత్తితో దిగ్గొట్టి తిప్పమని ఒకరు, పైన మామూలు నట్టు వెల్డింగ్ చేయించమని మరొకరు అంటున్నారు. నట్టు గుంతలో లోతుగా ఉంది. ఆ వేడికి అల్లాయ్ పెయింటు మాడుతుందేమోనని భయం. లోపల ఎడమ మరలుండి, విప్పేకొద్దీ నట్టును కరిచి పట్టే సాకెట్ ఎవరైనా వాడారా? స్టడ్డు (నట్టు బిగించే మరల కడ్డీ) విరిగితే మార్చడం పెద్ద పనా?