అమ్మకు డీఐసీ అన్నారు, తెలిసినవాళ్లు చెప్పండి

యూరిన్ ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి అమ్మ నాలుగు రోజులుగా ఐసీయూలో ఉంది. నిన్న డీఐసీ అన్నారు. ఒళ్లంతా చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టడానికే ప్లేట్‌లెట్లు, రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ ఖర్చయిపోతున్నాయట, అందుకే మిగతా చోట్ల రక్తం ఆగట్లేదట. సూది గుచ్చిన చోట దూది మార్చిన పది నిమిషాలకే మళ్లీ ఎర్రబడుతోంది. వేళ్ల కొసలేమో నీలంగా, చల్లగా ఉన్నాయి. చూడలేకపోతున్నాను.

అసలు వైద్యం ఇన్ఫెక్షన్ తగ్గించడమేనట, యాంటీబయాటిక్స్ నడుస్తున్నాయి. ప్లేట్‌లెట్లు 38 వేలే. రక్తం కారుతోంది కాబట్టి 50 వేల పైన ఉంచాలని ఎక్కిస్తున్నారు, ప్లాస్మా కూడా. గడ్డలు కట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు మాత్రం ఇప్పుడు వద్దన్నారు. గడ్డలు కడుతుంటే ఎందుకు వద్దు? రక్తం కారడం ఆగాక ఇస్తారా? ఫైబ్రినోజెన్ పెరిగితే కోలుకుంటున్నట్టేనా? ఐసీయూలో పనిచేసేవాళ్లు, ఇంట్లో ఇలాంటిది చూసినవాళ్లు దయచేసి చెప్పండి. రేపు రౌండ్స్‌కి డాక్టర్ గారు వస్తే ఏం అడగాలో కూడా తెలియట్లేదు.