నెల్లూరు మిద్దె మీద తీసిన ఓరియన్‌లో ఆ ధూళి నిజమేనా?

మాగుంట మిద్దె:
సంక్రాంతి దాటాక ఆకాశం తేటపడింది కదా, టౌన్‌లోనే మా మిద్దె మీద ట్రాకర్ (నక్షత్రాలతోపాటు కెమెరాని తిప్పే యంత్రం) పెట్టి 50 ఎం.ఎం. లెన్స్‌తో ఓరియన్ నక్షత్రమండలం మొత్తం తీశాను. క్రాప్ (చిన్న) సెన్సార్, హైడ్రోజన్ ఎరుపు బాగా పట్టేలా మోడిఫై చేయించిన కెమెరా, ఫిల్టర్ లేదు. ఫ్రేములన్నీ స్టాక్ చేసి (ఒకదాని మీద ఒకటి కలిపి), గ్రేడియంట్ (ఊరి వెలుగు వల్ల ఫ్రేమ్‌లో వచ్చే హెచ్చుతగ్గులు) తీసేసి, బాగా స్ట్రెచ్ చేస్తే (మసక భాగాల్ని పైకి తెస్తే) బార్నార్డ్ లూప్, అంటే ఓరియన్‌ని చుట్టిన విల్లు లాంటి వాయుమేఘం, ఎర్రగా వచ్చింది. దాంతోపాటు గొల్లకావడి (ఓరియన్ నడుము మీది మూడు చుక్కలు) చుట్టూ, రైజెల్ నక్షత్రం దాకా గోధుమరంగు ధూళి కూడా కనబడుతోంది. మా గ్రూపులో పెడితే ఒకాయన "లూప్ నిజం, ధూళి సాఫ్ట్‌వేర్ పుట్టించింది, ఇలాంటివి డీప్ స్కై ఫొటో అని పెట్టకూడదు" అన్నాడు. టౌన్ నుంచి ధూళి అసలు రాదా?

ఉదయగిరి రాత్రులు:
ఆయన చెప్పిందాంట్లో న్యాయం ఉంది తమ్ముడూ. లూప్ సంగతి వేరు, ధూళి సంగతి వేరు. లూప్‌లో వెలిగేది హైడ్రోజన్. దాని ఎర్ర వెలుగంతా 656.3 నానోమీటర్ల దగ్గర ఒక్క గీతలో ఉంటుంది. 1894లో బార్నార్డ్ ఫొటో ప్లేటు మీద పట్టింది దాన్నే. మోడిఫైడ్ కెమెరాకి అది టౌన్ నుంచి దొరికిందంటే నమ్ముతాను. ధూళి సొంతంగా వెలగదు, పక్క నక్షత్రాల వెలుగే దాని మీద పడి మన దాకా వస్తుంది. ఆ వెలుగు అన్ని రంగుల్లో పరుచుకుని ఉంటుంది. వీధుల్లో ఇప్పుడున్న ఎల్‌ఈడీల వెలుగూ అంతే. పాత సోడియం దీపాల పసుపునైతే ఫిల్టర్ ఆపేది, ఈ తెల్ల వెలుగులోంచి ధూళిని విడదీసే ఫిల్టర్ లేదు.

లెక్క చూడు. టౌన్ ఆకాశానికీ కొండల దగ్గర ఆకాశానికీ 3 మాగ్నిట్యూడ్ల (ఆకాశంలో వెలుగు కొలత) తేడా ఉందనుకో, అంటే నేపథ్యం సుమారు 16 రెట్లు ఎక్కువ వెలుగు. ఉదయగిరి పక్కన గంటలో వచ్చే నాణ్యత కావాలంటే నీ మిద్దె మీద 16 గంటలు తీయాలి. అదీ గ్రేడియంట్ ఏమీ లేకపోతే! అసలు చిక్కు అక్కడే ఉంది. నీ ఫ్రేమ్ దాదాపు 25 డిగ్రీల వెడల్పు. తూర్పున రొయ్యల గుంటల లైట్లు, ఆ దిక్కునే పోర్టు, పక్కన ఊరు, వీటి వెలుగు మెల్లగా ఎక్కుతూ దిగుతూ ఫ్రేమ్ అంతా పరుచుకుంటుంది. ధూళి మేఘాలూ అదే సైజులో, అంతే మెత్తగా ఉంటాయి. ఏది ఊరి వెలుగో ఏది ధూళో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. శాంపిల్ పాయింటు (ఇది ఖాళీ ఆకాశం అని సాఫ్ట్‌వేర్‌కి చూపే చోటు) ధూళి మీద పడితే ఉన్న ధూళి పోతుంది, పాయింట్ల మధ్య లెక్క తప్పితే లేని ధూళి మిగులుతుంది.

ఒంగోలు చుక్కలు:
అన్నా, మీరు చెప్పిన ఫిజిక్స్ కాదనను. కానీ టౌన్‌లో తీసింది ఫొటోయే కాదనే ముగింపు ఒప్పుకోను. ఉదయగిరి వెళ్లాలంటే కారు కావాలి, తోడు కావాలి. రాత్రంతా కొండ కింద కూర్చోవడం మాలాంటి ఆడపిల్లలకు అయ్యే పనేనా? మిద్దె అయితే ఇంట్లో అమ్మ నిద్రపోతూ ఉంటుంది, నేను పైన తీసుకుంటూ ఉంటాను. 16 గంటలు అన్నారు, జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో కొంచెం కొంచెంగా పోగేస్తే అది అందని లెక్క కాదు. పైగా ఓరియన్ మనకు నడినెత్తికి దగ్గరగా వస్తుంది. నెల్లూరు నుంచి ఎం42 (ఓరియన్ నెబ్యులా) దాదాపు 70 డిగ్రీల ఎత్తుకు వెళ్తుంది, యూరప్ వాళ్లకు ఆ భాగ్యం లేదు. అంత ఎత్తులో ఊరి వెలుగు చాలా తగ్గుతుంది. తీసే హక్కు గురించి గొడవ పడొద్దు, పరీక్ష ఏంటో చెప్పండి.

కంభం చెరువు కట్ట:
చెల్లెమ్మ సరిగ్గా అడిగింది. పరీక్ష ఉంది, ఖర్చు లేదు. సంక్రాంతి రోజుల్లో ఓరియన్ రాత్రి 10 దాటాక నడిమికి వస్తుంది. అంతకుముందు, తూర్పున ఉండగా తీసిన ఫ్రేములు ఒక స్టాక్, పడమరకు వాలాక తీసినవి ఇంకో స్టాక్ చెయ్యి. ట్రాకర్ మీద కెమెరా నక్షత్రాలతోనే తిరుగుతుంది కాబట్టి ఫ్రేమ్‌లో దిగంతం ఉండే వైపు మారిపోతుంది. ఊరి వెలుగైతే ఒక స్టాక్‌లో ఒక అంచున, రెండోదాంట్లో ఎదుటి అంచున కనబడుతుంది. ధూళి అయితే రెండింట్లోనూ అవే చుక్కల మధ్య ఉంటుంది. లెన్స్ మూలల చీకటి, ఫ్లాట్స్ (ఆ చీకటిని సరిచేసే ఫ్రేములు) లోపం మాత్రం ఇలా బయటపడవు, వాటికోసం ఇంకో రాత్రి కెమెరాని 180 డిగ్రీలు తిప్పి తియ్యి.

గ్రేడియంట్‌ని చివర్లో ఒకేసారి తీయకు. సిరిల్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఫ్రేమ్ మీద మొదటి డిగ్రీతో, అంటే ఏటవాలు తలం ఒక్కటే తీసి, తర్వాత స్టాక్ చెయ్యి. ఒక్క ఫ్రేమ్‌లో గ్రేడియంట్ సాదాగా ఉంటుంది, గంటల తరబడి కలిపాకే వంకరలు పోతుంది. తర్వాత 1983 నాటి ఐరాస్ ఉపగ్రహం 100 మైక్రాన్ల పటం పక్కన పెట్టి చూడు, ధూళి వేడిమిని పట్టిన పటం అది. రైజెల్ పక్కన నీకు మచ్చ కనబడితే అది ఐసీ 2118 (విచ్ హెడ్ నెబ్యులా) ఉన్నచోటే ఉందా? రైజెల్ వెలుగు తగిలిన ధూళి కాబట్టి నీలంగా ఉండాలి. నీ ఫొటోలో గోధుమరంగు అంటున్నావు, నా అనుమానం అక్కడే.

మాగుంట మిద్దె:
రెండు వైపుల ఫ్రేములూ ఉన్నాయన్నా. విడివిడిగా స్టాక్ చేసి, గ్రేడియంట్ తీయకముందువి కూడా పెడతాను.

ఉదయగిరి రాత్రులు:
తప్పకుండా పెట్టు, శాంపిల్ పాయింట్లు ఎక్కడెక్కడ వేశావో కూడా. చెల్లెమ్మా, తీయొద్దని నేను అనలేదు. మిద్దె మీద డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ (రెండు సన్నని రంగు పట్టీలనే లోపలికి వదిలేది) పెట్టి రోసెట్, కాలిఫోర్నియా నెబ్యులాలు, ఈ లూప్ తీసుకోండి, ఎవరి ఫొటోకీ తీసిపోవు. పిల్లలకోడి (కృత్తికలు) చుట్టూ ధూళి, జ్యేష్ఠ దగ్గర రో ఒఫియూకీ ధూళిమేఘం కావాలంటే మాత్రం చీకటి కావాలి. టౌన్ నుంచి ధూళి చూపించేవాళ్లు ఎక్కడ తీశారో, ఎన్ని గంటలో, గ్రేడియంట్ దేంతో తీశారో ఫొటో కిందే రాయాలి. ఆ షరతు దగ్గర నేను తగ్గను.

ఒంగోలు చుక్కలు:
ఆ షరతు కొండ దగ్గర తీసినవాళ్లకీ పెట్టండన్నా. వాళ్లూ గ్రేడియంట్ తీస్తారుగా.