జింజర్ లిల్లీ మొగ్గ వేస్తోంది, విచ్చుకునేలోపే మంచుకు మాడిపోతోంది

తెల్ల జింజర్ లిల్లీని, అదే హెడీకియం కొరొనేరియంని, మూడేళ్లుగా తోటలో నేలలోనే పెంచుతున్నాను. చలికాలంలో కాడలన్నీ చచ్చిపోయినా దుంప బతికే ఉంటోంది. మొలకలు మాత్రం మే మొదటి వారం దాకా రావు. ఆ తర్వాత ఐదడుగులు పెరుగుతుంది, ఆకులు నిగనిగలాడుతుంటాయి. మొగ్గ కనిపించేసరికి అక్టోబర్ నడిమికి వస్తుంది, పది రోజుల్లో మంచు పడుతుంది.

పోయినేడు మాడిన మొగ్గనొకదాన్ని గోటితో విప్పి చూశాను. పచ్చటి పొరల మధ్య తెల్లటి పూమొగ్గలు బిగుతుగా చుట్టుకుని ఉన్నాయి. ఇంకో రెండు వారాలు ఆగితే విచ్చేవే కదా అని ప్రాణం ఉసూరుమంది.

మొదటి ఏడాది ఎరువు లోపమేమో అనుకుని నత్రజని తగ్గించి, పొటాష్ ఎక్కువున్నది పదిహేను రోజులకోసారి వేశాను. రెండో ఏడాది దక్షిణం వైపు గోడ పక్కకి మార్చాను, అక్కడ రోజుకి ఆరు గంటల ఎండ. చలికాలంలో దుంప మీద ఆరంగుళాల మందాన ఎండుటాకులు కప్పుతున్నాను. వేసవిలో మట్టి ఆరనివ్వను. పురుగు, కుళ్లు ఏమీ లేవు. ఇన్ని చేసినా మొగ్గ వారం కూడా ముందుకి జరగలేదు. వేరే రకం వేసుకోమంటున్నారు కానీ ఈ వాసన వదులుకోలేను.

ఫిబ్రవరిలో దుంపలు తవ్వి, కుండీల్లో ఇంట్లో 20 డిగ్రీల వెచ్చదనంలో మొలకెత్తించి, మంచు భయం పోయాక మేలో నేలలో నాటితే అదే ఏడాది ముందుగా పూస్తాయా, లేక కదిపినందుకు ఆ ఏడాది పూతే పోతుందా?